ఇస్కీ ఓడిపోయిందా, మనమే వాడలేదా?

ఏలూరుకాలువ:
మా పెద్దనాన్న 1998లో తన ఉద్యోగ జ్ఞాపకాలు రాసి ఊళ్లోనే డీటీపీ చేయించారు. పుస్తకం అచ్చయింది, కాపీలన్నీ పంచేశారు, ఇప్పుడాయన లేరు. మళ్లీ వేయిద్దామని సీడీ తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోటల్లా డిగ్రీ గుర్తులు, డాలర్లు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు. మన లిపుల్లో ఏ అక్షరానికి ఏ సంఖ్యో భారతీయ ప్రమాణాల సంస్థ 1991లోనే ఐఎస్ 13194 పేరుతో ఖాయం చేసింది. అదే ఇస్కీ. మరి ఏడేళ్ల తర్వాత చేసిన పుస్తకం అందులో ఎందుకు లేదు? నన్నడిగితే ఇస్కీ కాగితం దాటని సర్కారీ ప్రమాణం. కాదనేవాళ్లుంటే చెప్పండి.

కోడుగీత:
నేను కాదంటాను. ఇస్కీలో మొదటి 128 గళ్లు, అంటే సంఖ్యలు, మామూలు ఇంగ్లీషువి, పై సగం మనవి. ‘క’ హిందీలో 179, తెలుగులో 179, బెంగాలీలోనూ 179. ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి సంఖ్యలిచ్చే యూనికోడ్ వాళ్లు మన లిపులకు గళ్లు కేటాయించేటప్పుడు 1988 నాటి ఇస్కీ వరుసనే తీసుకున్నారు. అందుకే దేవనాగరి క 0915, తెలుగు క 0సి15. చివరి రెండంకెలు చూడండి. ఇప్పుడు మీరు ఫోన్‌లో కొట్టే ప్రతి అక్షరం ఆ వరుసలోదే. దాన్ని ఓడిపోవడం అంటారా?

పాత_డీటీపీ:
కోడుగీత గారూ, వరుస బాగుందని పొగిడితే ఆనాడు నా పేజీ కదిలేది కాదు. ‘క్రి’ తీసుకోండి. ఇస్కీ దాన్ని క, పొల్లు, ర, గుడి అని నాలుగు సంఖ్యలుగా దాస్తుంది. వాటిని కలిపి బొమ్మగా చూపించే పని ఇంకెవరో చెయ్యాలి. డాస్ కంప్యూటర్లలో ఆ పని సర్కారీ కంప్యూటర్ సంస్థ సీ-డాక్ వాళ్ల జిస్ట్ కార్డు, అంటే కంప్యూటర్‌లో అదనంగా బిగించే కార్డు, చేసేది. కానీ మేం పుస్తకాల పేజీలు కూర్చిన పేజ్‌మేకర్ ప్రోగ్రాంకి తెలిసింది ఒక్కటే: ఒక సంఖ్య, ఒక బొమ్మ. అందుకని ఫాంట్లు చేసేవాళ్లు అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, క్రావడి ఇంకో గడిలో. ఎవరి గళ్లు వారివి. మీ పెద్దనాన్నగారి ఫైల్లో ఉన్నవి అక్షరాలు కావు, ముక్కలు. డాలరు గుర్తు కనిపించిన చోట బహుశా ఏదో వత్తు ఉండి ఉంటుంది.

పార్టీ వచ్చి దసరాకి పుస్తకం కావాలంటుంది. 13194లో ఉందా అని నన్ను ఒక్కరూ అడగలేదు.

కోడుగీత:
ఒప్పుకుంటున్నా. సీ-డాక్ తన ఫాంట్లలోని ముక్కలకు కూడా ఇస్ఫాక్ అని ఒక వరుస పెట్టుకుంది. బొమ్మల వరుసకు కూడా ఆనాడే ఒక ప్రమాణం పెట్టి, సర్కారు తన అచ్చు పనికైనా తప్పనిసరి చేసి ఉంటే ఇవాళ ఒకే ఒక్క కన్వర్టర్‌తో పని అయిపోయేది. థాయ్‌లాండ్ చూడండి. వాళ్ల అక్షర ప్రమాణం టిస్ 620ని అందరూ వాడారు. కంటికి కనిపించే వరుసలోనే అక్షరాలు దాచారు, యూనికోడ్ కూడా ఆ వరుసను అలాగే ఉంచింది.

నకారపొల్లు:
థాయ్‌తో పోలిక కుదరదండీ. వాళ్లది ఒక్క లిపి, మన వత్తుల బాధ వాళ్లకి లేదు.

నా ఫిర్యాదు వేరు. ఇస్కీ మూస హిందీది, మనల్ని అందులో పోశారు. బడిలో నేర్చిన వర్ణమాలలో ళ, ఱ ఎక్కడుంటాయి? హ తర్వాత. ఇక్కడ ర పక్కన ఱ, ల పక్కన ళ. కోడ్ సంఖ్యల ప్రకారం పేర్చితే ‘కళ’ ముందొచ్చి ‘కవి’ వెనక పడుతుంది. అం, అః అయితే ఏకంగా అ కంటే ముందు! ౘ, ౙ యూనికోడ్‌లోకి వచ్చింది 2008లో. నా పేరులో ఉన్న నకారపొల్లుకు, అంటే పాత పుస్తకాల్లో ‘న్’ను రాసే ప్రత్యేక గుర్తుకు, సొంత గడి దొరికింది 2021లో. మనవాళ్లు మొదట్లోనే గట్టిగా అడిగి ఉంటే ఇంత ఆలస్యం అయ్యేదా?

కోడుగీత:
మూస ఉమ్మడిది కాబట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చింది కదా. కె మీట నొక్కితే ఏ లిపిలోనైనా ‘క’, డి నొక్కితే పొల్లు. నేను తెలుగు నేర్చుకున్న వేళ్లతోనే కన్నడం కొడుతున్నా. అకారాది క్రమాన్ని కోడ్ సంఖ్యల్లో వెతకడం తప్పు, దానికి వేరే పద్ధతులున్నాయి.

నకారపొల్లు:
వేరే పద్ధతులు ఉన్నాయి, వాడేవాళ్లే తక్కువ. మా గ్రంథాలయం జాబితాలో ‘కళ’తో మొదలయ్యే పుస్తకాలు ఇప్పటికీ ‘కవి’ పుస్తకాల ముందే ఉన్నాయి.

పాత_డీటీపీ:
ఇంకొకటి. మామూలు జనం చేతికి తెలుగు వచ్చింది 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాక. అంటే 1991 ప్రమాణం పదేళ్లు పనిముట్టు కోసం ఎదురుచూసింది. ఆ పదేళ్లలోనే మా చేతుల మీదుగా వేల పుస్తకాలు ముక్కల్లో పోయాయి. నాకు ఇస్కీ మీద కోపం లేదు, కానీ గెలిచిందంటే ఒప్పుకోను. ఫ్లెక్సీ షాపులో ఇవాళ కూడా ముక్కల ఫాంట్లే నడుస్తున్నాయి, వెళ్లి చూడండి.

ఏలూరుకాలువ:
సరే, కాగితం దాటలేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అయినా నా సీడీ సంగతి తేలలేదు.

పాత_డీటీపీ:
అచ్చయిన కాపీ ఒక్కటైనా ఉందా? ఒక పేజీ ఫొటో, అదే పేజీ ఫైలు పంపండి. తలకట్టు వంపు చూస్తే ఏ ఫాంటో నాకు తెలిసిపోతుంది. తెలియకపోయినా, అచ్చు పేజీ పక్కన పెట్టుకుని ఏ గుర్తు ఏ ముక్కో పట్టిక వేయొచ్చు. రెండు వందల పైచిలుకు గళ్లు, ఓ ఆదివారం పని.

ఏలూరుకాలువ:
రాజమండ్రిలో మా మేనత్త దగ్గర ఒక కాపీ ఉంది, అట్ట ఊడిపోయింది. ఈ వారాంతం వెళ్లి ఫొటోలు తీసి పెడతాను.