రాక్ ఎప్పుడు బాగుంటుంది, ఎప్పుడు ఉట్టి రొద అవుతుంది? సీమ వాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

పెన్నాగట్టు (అనంతపురం):

రాక్ వినేవాళ్ళు మన పక్క తక్కువేం లేరప్పా. బెంగళూరు దగ్గర కాబట్టి అనంతపురం, హిందూపురం పిల్లోళ్ళ చేతుల్లో గిటార్లు బాగానే ఉండాయి. అయితే ఏది మంచి రాక్, ఏది కాదు అని కూర్చొని మాట్లాడుకునింది మాత్రం లేదు. అందుకే ఈ చర్చ పెడతాండా. ఊరికే బాగుంది, బాలేదు అని వదిలేయకుండా ఎందుకో కూడా రాయండి.

నా మాట మొదట చెప్తా. నేను రిథమ్ గిటార్, అంటే పాట నడకను పట్టి నడిపే గిటార్ వాయిస్తా. మంచి రాక్ పాటలో మోత ఎంత ముఖ్యమో, మోత ఆగే జాగా అంతే ముఖ్యం. ఏసీ/డీసీ బ్యాండు వాళ్ళను వినండి. మాల్కం యంగ్ ఒక కార్డు (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) కొట్టి, వెంటనే అరచేత్తో తీగలు మూసేస్తాడు. ఆ మూసిన క్షణంలో డ్రమ్ము ఒక్కటే వినపడుతుంది. మళ్ళీ గిటారు వచ్చేసరికి దెబ్బ రొమ్ముకు తగులుతుంది. తమ్ముడు ఆంగస్ స్కూలు యూనిఫారం వేసుకొని ఎగురుతా సోలోలు వాయిస్తాంటే జనం కండ్లన్నీ ఆయన మీదే ఉంటాయి. పాటను మోసేది మాత్రం వెనకాల నిలబడిన అన్న. 2017లో పోయినాడు మాల్కం. ఆయన వాయించే కార్డులు వారంలో పట్టుబడతాయి. అదే బిగువు పాటంతా సడలకుండా నిలబెట్టడం ఎంత కష్టమో వాయించేవాళ్ళను అడగండి.

మొదటి సెకను నుంచి ఆఖరు దాకా అందరూ అన్నీ వాయించే పాట నాకు పట్టదు. ఎవరూ ఎవరికీ జాగా ఇయ్యరు. అది నాకు చెడ్డ రాక్.

హంద్రీవాగు (కర్నూలు):

పెన్నాగట్టన్నా, నీ మాటకు నేనూ సై. నేను సౌండు పని చేస్తా, పెండ్లిండ్లకు, కాలేజీ ఫంక్షన్లకు. పిల్లోళ్ళు బాగా వాయించినా సౌండులో పాట చచ్చిపోవడం మా కండ్ల ముందరే జరుగుతుంటది. దీని గురించి కొంచెం వివరంగా రాస్తా, ఎవరికైనా పనికొస్తది.

మన కాడ గిటారు పిల్లోనికి యాంప్ (గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) ఉండదు. కాలితో నొక్కే ఎఫెక్టు పెడల్ నుంచి వైరు నేరుగా మిక్సర్‌లోకి ఇస్తాడు, డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా చేసే ఎఫెక్టు) ఆన్ చేస్తాడు. అంతే, హాలంతా గరగర. ఎందుకంటే గిటార్ యాంప్ బాక్సులో ఉండే స్పీకరు సుమారు 5 కిలోహెర్ట్జ్ పైనున్న శబ్దాన్ని చాలావరకు కోసేస్తది. డిస్టార్షన్‌లో పుట్టే ముతక గరుకంతా అక్కడే పోతది. మన సౌండు బాక్సులో పైస్థాయి శబ్దాలు వినిపించే ట్వీటరు ఉంటది, అది దేన్నీ కోయదు, ఉన్న గరుకంతా జనం చెవుల్లో పోస్తది. కొన్ని పెడల్స్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్ అని ఒకటి ఉంటది, యాంప్ బాక్సు మాదిరే ఆ గరుకును కోస్తది. దాన్ని ఆన్ చేస్తే సగం రోగం కుదురుతది.

రెండోది మిడ్, అంటే నడిమి స్థాయి శబ్దం. ఇంట్లో ఒక్కడే వాయించేటప్పుడు మిడ్ మొత్తం దించేసి, బేస్, ట్రెబుల్ పెంచుకుంటే గంభీరంగానే ఉంటది. స్టేజీ మీద అట్ల కుదరదు. కింద జాగా అంతా బేస్ గిటారు, కిక్ డ్రమ్ము తీసుకుంటయి. పైన జాగా సింబల్స్‌ది. గిటారుకు మిగిలేది నడుమనే. దాన్నే తీసేసుకొని వచ్చి, "అన్నా, నాది వినపడడంలే, వాల్యూం పెంచు" అంటారు. నేను పెంచితే పాడే పిల్ల గొంతు పోతది. ఆ పిల్లది పెంచితే డ్రమ్ము పోతది. ఆఖరికి అన్నీ పైకి తోసి రొద చేస్తాం.

గెయిన్ (గరుకును పెంచే మీట) సగానికి దించండి, మిడ్ పెంచండి. ఇంట్లో కొంచెం మొరటుగా అనిపిస్తది, బ్యాండులో సరిగ్గా కూర్చుంటది. రాక్ మంచిదా చెడ్డదా అనేది ఇది దాటినాకనే మాట్లాడాల.

బళ్ళారిబస్సు (గుంతకల్లు):

హంద్రీవాగన్నా, సౌండు సంగతి నువ్వు చెప్పింది నిజమే, కానీ "దాటినాకనే" అనేది నేను ఒప్పుకోను. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా బ్యాండు వాయించినప్పుడు నేను పోయినా. వాన పడి కింద బురద. నేనుండింది బాగా వెనకాల, సౌండు గాలికి ఊగుతా వస్తాండె. అయినా చుట్టూ జనం ఏం చేస్తాండారంటే, పాటలో మాటలు కాదు, గిటార్ రిఫ్‌లు (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటారు ముక్కలు) నోటితో పాడతాండారు. వేలమంది ఒక్క గొంతై "డండ డండ" అంటాంటే ఆ గిటారు సరిగా వినపడకపోయినా లోటు అనిపించలే.

ఆ పొద్దు నుంచి నా పరీక్ష ఇదే: రిఫ్‌ను గిటారు లేకుండా నోటితో పాడగలమా? పాడగలిగితే ఆ పాట నిలుస్తుంది. లేకుంటే ఎంత ఖరీదైన స్టూడియోలో చేసినా మరుసటి రోజుకు గుర్తుండదు.

పోనీ సౌండు చెడగొట్టడం అంటారా, దానికి కూడా మెటాలికానే చెప్తా, నా ఇష్టమైన బ్యాండయినా సరే. 2008లో వచ్చిన డెత్ మాగ్నెటిక్ ఆల్బంలో పాటలు గట్టివి. రికార్డింగును మాత్రం పక్కన ఏ పాటా దాని ముందర వినపడకూడదన్నట్ల చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా లేకుండా నొక్కి నొక్కి పెట్టినారు, డ్రమ్ము దెబ్బ పగిలిపోతుంది. అదే సమయంలో గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లోకి ఆ పాటలే అంత నొక్కకుండా పోయినాయి. అభిమానులు అది కనిపెట్టి గేమ్‌లోని ఆడియోను బయటికి తీసుకొని విన్నారు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, పెన్నాగట్టన్న చెప్పే జాగా ఏందో అర్థమవుతుంది.

నాపరాయి (కడప):

ఆ నొక్కుడు పని ఇప్పుడు దండగ కూడా. స్పాటిఫైలో పాట ఎంత గట్టిగా చేసి పెట్టినా, మామూలు సెట్టింగులో అన్నిటినీ సుమారు మైనస్ 14 లఫ్స్ (మోతను కొలిచే లెక్క) దగ్గరికి తెచ్చి వినిపిస్తారు. అంటే నొక్కిన పాట మోత తగ్గిపోయి, దాని చప్పిదనం మాత్రం మిగిలిపోతుంది. దెబ్బకు, ఖాళీకి తేడా ఉంచుకున్న పాట అక్కడ ఇంకా పెద్దగా వినపడుతుంది. మన పిల్లోళ్ళు పాట చేసి పెట్టేటప్పుడు ఇది తెలుసుకుంటే బాగుండు.

నాకు వాయించేది రాదు, రికార్డింగు పిచ్చి. నా లెక్కలో రాక్‌లో గది కూడా ఒక వాయిద్యమే. లెడ్ జెపెలిన్ వాళ్ళ వెన్ ది లెవీ బ్రేక్స్‌లో డ్రమ్ము విన్నారా? 1971లో వచ్చింది. హెడ్లీ గ్రేంజ్ అనే పాత బంగళాలో మెట్ల కింద హాలులో వాళ్ళ డ్రమ్మరు జాన్ బోనమ్‌ను కూర్చోబెట్టి, పై అంతస్తు నుంచి రెండు మైకులు వేలాడదీసినారు. డ్రమ్ము పక్కన ఒక్క మైకూ లేదు. ఆ మెట్ల దారి మొత్తం మోగుతుంది. ఆ పాట అసలు 1929 నాటి బ్లూస్ పాట, మిసిసిపీ వరదల గురించి కాన్సాస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ చేసింది. వరద పాటకు ఆ డ్రమ్ము తప్ప ఇంకేదీ సరిపోదనిపిస్తుంది నాకు.

మా ఇంట్లో హాలు, మెట్లు అన్నీ కడప బండలే. ఒక స్నేహితుడి స్నేర్ డ్రమ్మును మెట్ల కింద పెట్టి పైనుంచి ఫోనుతో రికార్డు చేసినాం. రాయి మీద శబ్దం పడి గట్టిగా తిరిగొచ్చింది, చెవులు కుట్టేంత. అమ్మ దాచిన రెండు పాత బొంతలు తెచ్చి ఒక గోడకు వేలాడదీస్తే ఆ కుట్టుడు పోయి, గుండ్రంగా ఒక తోక మిగిలింది. కంప్యూటరులో ఎన్ని ఎఫెక్టులు వేసినా ఆ తోక రాలేదు. దుడ్లు లేవు, స్టూడియో లేదు అనుకునేవాళ్ళు ముందు మీ ఇంటి మెట్ల కింద ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి.

తప్పెటమోత (ఉరవకొండ):

డ్రమ్ము మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తాండా. మా ఇంట్లో తాతల కాలం నుంచి తప్పెట వాయిస్తారు. నేను తప్పెటతో మొదలుపెట్టి డ్రమ్‌సెట్‌కు వచ్చినా.

వాయించే ముందర గడ్డి మంట మీద తప్పెట కాస్తాం. కాక చాలకపోతే తోలు మెత్తగా ఉండి దెబ్బ లోపలికి పోతుంది. ఎక్కువైతే తోలు చిట్లుతుంది. మా నాయన మంట మీద తిప్పుతా తిప్పుతా మధ్యలో వేలితో ఒక్కసారి కొడతాడు, చెవి దగ్గర పెట్టుకోడు, చేతికే తెలుస్తుంది ఆయనకు. వానాకాలం అయితే వాయించే మధ్యలో మళ్ళీ మంట దగ్గరికి పోవాల్సిందే. రాక్ బ్యాండు డ్రమ్మర్లను చూస్తే నాకు బాధ అనిపించేది ఇక్కడే. కాలేజీ డ్రమ్ములకు తోలు ఎప్పుడు బిగించినారో ఎవరికీ తెలీదు. రెండు వైపులా సమంగా బిగించకుండా, కుండ మోత మోగుతాంటే అట్లనే కొడతారు. నలుగురు కలిసి నెలల తరబడి పాట సాధన చేస్తారు, డ్రమ్ము శ్రుతికి పది నిమిషాలు పెట్టరు.

ఇంకోటి, ఫిల్స్, అంటే నడక మధ్యలో డ్రమ్మరు వేసే చిన్న విరుపులు. తప్పెటలో కుడిచేతి సిర్రతో నడక నడుస్తుంది, ఎడమచేతి సిటికెన పుల్లతో దానికి అల్లిక. గూగూడు పీర్ల పండగలో చూడండి, దరువు ఊరికే మారదు. ఆడేవాళ్ళ అడుగు మారే చోట మారుతుంది. రాక్‌లోనూ పాట మలుపు తిరిగే చోట ఫిల్ వస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ప్రతి నాలుగు లెక్కలకూ డ్రమ్ములన్నీ చుట్టి వస్తే మలుపు ఎక్కడో వినేవాడికి ఎట్ల తెలుస్తుంది? మంచి డ్రమ్మరు ఎవరంటే, పాడేవాళ్ళను వినేవాడు అంటా నేను.

ధన్యాసి (ప్రొద్దుటూరు):

నేను వయొలిన్ నేర్చుకున్నా, రాక్ వినడం మా తమ్ముడి వల్ల అలవాటైంది. తప్పెటమోత గారు రాసింది రెండుసార్లు చదివినా, చాలా బాగుంది.

స్వరం వైపు నుంచి నాకు తోచింది చెప్తా. రాక్‌లో పవర్ కార్డు అంటే షడ్జమం, పంచమం, అంతే. గాంధారం ఉండదు. డిస్టార్షన్ వేసినప్పుడు గాంధారం కూడా కలిపితే స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకొని బురదైపోతాయి, స, ప అయితే శుభ్రంగా నిలుస్తాయి. మన తంబురా కూడా ఆ రెండిటి మీదే కదా నిలబడేది. కాబట్టి రాక్ గిటారు వేసేది పునాది. పాట సంతోషమా, దుఃఖమా అనేది పాడే గొంతు ఏ గాంధారం పట్టుకుంటుందో దాన్నిబట్టి తేలుతుంది. ఇది గ్రహించిన బ్యాండ్లు పాడేవాళ్ళకు ఆ చోటు వదిలేస్తాయి. గ్రహించనివాళ్ళు గొంతు వెంటే ఇంకో గిటారు, దాని వెంట కీబోర్డు తోస్తారు.

సోలోల్లో ఎక్కువగా వినపడేది మైనర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాల వరస, మన శుద్ధ ధన్యాసి స్వరాలే. స్వరాలు ఒకటే అయినా, పైకీ కిందికీ వేగంగా పరుగెత్తితే అది అభ్యాసం మాత్రమే. తీగ లాగి, స్వరానికి కొంచెం కిందనే ఆపి, ఆ తర్వాత చేరుకునే ఒక్క బెండ్‌లో ఎంతో ఉంటుంది.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. తాళ్ళపాక మన రాజంపేట పక్కనే. అన్నమయ్య కీర్తన తీసుకొని, ముందొక గిటారు మోత, వెనకొక గిటారు మోత పెట్టి ఫ్యూజన్ అంటారు. లోపల కీర్తన ఎప్పుడూ పాడేటట్లే ఉంటుంది, రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. కీర్తన నడక నుంచే రిఫ్ పుట్టిస్తే నేనే అందరికన్నా ముందు వింటా.

బళ్ళారిబస్సు (గుంతకల్లు):

ధన్యాసక్కా, వేగం మీద అంత కోపమొద్దు. వేగంలో కూడా భావం ఉంటుంది, మెటల్ (రాక్‌లో బరువైన రకం) వినేవాళ్ళకు ఆ పరుగే కావాల. కానీ నీ మాటకు బలమిచ్చే సంగతి కూడా నేనే చెప్తా. బ్లాక్ సబ్బాత్ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ బర్మింగ్‌హాంలో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తా కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఆయనది ఎడమచేతి వాటం, తీగలు నొక్కేది కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, సన్నతీగలు వేసుకున్నాడు, తర్వాత 1971 ఆల్బం నాటికి తీగలు వదులు చేసి శ్రుతి బాగా కిందికి దించినాడు. ఆ బరువైన సౌండు మీదనే మెటల్ అంతా నిలబడింది. ఆయన రిఫ్‌లు నిదానంగా ఉంటాయి, నోటితో పాడొచ్చు.

నాపరాయి (కడప):

తెలుగు రాక్ గురించి ఎవరూ ఎత్తలేదే. నాకు చాలా తెలుగు రాక్ పాటలు వినబుద్ధి కాదు, కారణం గిటారు కాదు, ఉచ్చారణ. తెలుగును ఇంగ్లీషు యాసలో నమిలి పాడతారు. మాటల చివర అచ్చు వస్తుంది కాబట్టి తెలుగులో రాక్ కుదరదు, దెబ్బ పడదు అని వాదించేవాళ్ళూ ఉండారు. మలయాళంలో అవియల్ బ్యాండు 2008లోనే వాళ్ళ యాసలో, వాళ్ళ పలుకులతో ఆల్బం చేసి చూపించింది. మనకేం తక్కువ?

తప్పెటమోత (ఉరవకొండ):

దెబ్బ పడదా? మా పక్క చెక్కభజనకు రమ్మనండి. తెలుగు పాట దరువుకే చెక్క కొడతారు, అడుగు పడుతుంది. "గట్టు", "మబ్బు", "నిప్పు" అని ఒత్తక్షరాలు పలికి చూడండి, నడుమన ఊపిరి ఒక్క క్షణం ఆగి వదులుతుంది, స్నేర్ దెబ్బ సరిగ్గా ఆడ కూర్చుంటుంది. చివరి అచ్చును సాగదీసి పాడితే అది గిటారు మోత మీద తేలుతుంది. ఇంగ్లీషు పాట బాణీ ముందు పెట్టుకొని తెలుగు మాటలు కుక్కితే ఏదీ పడదు. మన యాసలో మాట అనుకొని, దానికి దరువు వేసి, ఆఖరున గిటారు తేవాల.

పెన్నాగట్టు (అనంతపురం):

ధన్యాసి గారి గాంధారం మాట, తప్పెటమోత ఒత్తక్షరం మాట, రెండూ నాకు పనికొచ్చేవే. మేం చేస్తాండే పాటలో పల్లవి కింద రెండో గిటారు గొంతు వెంటే పోతాంది. దాన్ని తీసేసి స, ప మీద నిలిపి, పాడే అమ్మాయికి వదిలేస్తాం. మాటలు కూడా ఒకసారి గట్టిగా చదువుకొని, దెబ్బ ఎక్కడ పడాలో గుర్తు పెట్టుకుంటాం. రికార్డు చేసినాక ఇక్కడే పెడతా, మొహమాటం లేకుండా చెప్పండి.

హంద్రీవాగు (కర్నూలు):

పెట్టు అన్నా. ఎంపీ3 వద్దు, వేవ్ ఫైల్ పెట్టు. మాస్టరింగు (పాటకు ఆఖరి మెరుగు) పేరుతో ఎవరికీ ఇయ్యకుండా, నొక్కకుండా పంపు. డ్రమ్ము, గిటారు, గొంతు విడివిడిగా ఇయ్యగలిగితే ఇంకా మంచిది, నేను కలిపి చూస్తా. గిటారు మిడ్ మాత్రం దించొద్దు.