అప్‌డేట్: మారుతి 800కి హై కంప్రెషన్ పిస్టన్లు వేయించాను

నాన్నగారి కార్బురేటర్ 800 ఇంజన్ బోరింగ్‌కి (అరిగిన సిలిండర్లను కాస్త పెద్దవిగా తొలవడానికి) వచ్చింది, పనిలో పనిగా కంప్రెషన్ (సిలిండర్లో గాలి-పెట్రోలు మిశ్రమం నొక్కుకునే మోతాదు) పెంచే పిస్టన్లు వేయించొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. వేయించేశాను.

"బిగించే ముందు ఛాంబర్ (పిస్టన్ పైన పెట్రోలు మండే ఖాళీ) కొలిపించు తమ్ముడూ" అని అప్పుడు జవాబిచ్చిన అన్నగారికి దండాలు. ఆటోనగర్‌లో హెడ్ (సిలిండర్ల పైమూత) బోర్లించి, సిరంజితో కిరోసిన్ పోసి కొలిచాం. 68.5 బోరు (సిలిండర్ వ్యాసం) 69 మిల్లీమీటర్లయింది, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) అదే 72. అంటే సిలిండర్‌కి 269 సీసీ. గాస్కెట్ మందంతో కలిపి పైన మిగిలింది 32 సీసీ. రెండూ కలిపి 32తో భాగిస్తే కంప్రెషన్ నిష్పత్తి 9.4. కంపెనీది 8.7.

రన్నింగ్-ఇన్ (కొత్త భాగాలు కుదురుకునేదాకా నడపడం) మెల్లగానే చేశాను. ఆ తర్వాత నలుగురితో సింహాచలం ఘాట్ ఎక్కితే, మూడో గేర్లో యాక్సిలరేటర్ నిండా తొక్కగానే నాకింగ్ (మిశ్రమం దానంతటదే పేలి వచ్చే టకటక చప్పుడు)! గుండె జారిపోయింది. ట్యాంకులో ఉన్నది మామూలు 91 ఆక్టేన్ పెట్రోలు (ఆక్టేన్ ఎక్కువైతే నాకింగ్‌ని అంత బాగా తట్టుకుంటుంది). మర్నాడే టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) రెండు డిగ్రీలు వెనక్కి తిప్పించి, 95 ఆక్టేన్ కొట్టించాను. అదే ఘాట్, అదే బరువు, మధ్యాహ్నం ఎండ. చప్పుడు లేదు.

బండి హుషారుగా ఉంది. కానీ లెక్కప్రకారం కంప్రెషన్ వల్ల వచ్చేది రెండు మూడు శాతమే. మిగతాది ఎక్కువగా కొత్త బోరు, పిస్టన్ రింగుల చలవే. మా అమ్మ నడపడానికైతే పాత రకం పిస్టన్లే వేయించేవాణ్ణి, ఏ బంకు పెట్రోలైనా సరిపోయేది.