నీలం గుడ్లు పెట్టే మా పెట్ట ఏ జాతిది?

అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లో పెరట్లో కోళ్లు పెంచుతున్నాం. పోయిన ఏడాది ఒక ఫీడ్ స్టోర్‌లో అమెరకానా (నీలం గుడ్లు పెట్టే కోళ్ల జాతి) అని చెప్పి రెండు పిల్లల్ని ఇచ్చారు. ఇప్పుడు రెండూ గుడ్లు పెడుతున్నాయి. ఒకదాని గుడ్డు లేత నీలం. పగలగొడితే పెంకు లోపల కూడా అదే రంగు. రెండోదాని గుడ్డు పైకి ఆకుపచ్చ, లోపల మాత్రం నీలమే. అంటే నీలం పెంకు మీద గోధుమ రంగు పూత పడిందన్నమాట.

రెండింటికీ తోక ఉంది కాబట్టి నీలం గుడ్లు పెట్టే తోకలేని జాతి అరౌకానా కాదు. నెత్తిన ఈకల పిలక లేదు కాబట్టి నీలం గుడ్లు పెట్టే ఇంకో జాతి క్రీమ్ లెగ్‌బారూ కాదు. బుగ్గల మీద, గడ్డం కింద గుబురు ఈకలున్నాయి. చిక్కంతా ఇక్కడే, అమెరకానాకీ, ఈస్టర్ ఎగ్గర్‌కీ (రంగు గుడ్లు పెట్టే సంకర కోడి, అసలు జాతి కాదు) ఇవి ఉంటాయి! రెండోదాని కాళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి, అది ఈస్టర్ ఎగ్గరే అనుకుంటున్నాను. మొదటిదాని కాళ్లు మాత్రం అమెరకానాకి ఉండాల్సినట్టే పలక రంగు.

ఈసారి దాని గుడ్లు పొదిగించాలని మా పాప ఎంతో ఆశపడుతోంది. పుంజును కొనేముందే తేల్చుకోవాలి. కాళ్ల రంగు, గుడ్డు రంగు సరిపోతే అసలు జాతి అనుకోవచ్చా? ఈకల రంగులో ఏం చూడాలి? పెంచినవాళ్లు దయచేసి చెప్పండి.