నెబ్రాస్కా ఫుట్‌బాల్: 9 గెలిచిన కోచ్‌ని ఎందుకు తీసేశారు?

గుంటూరు మిర్చి: అమెరికాలో నెబ్రాస్కా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ ఫ్రాంక్ సోలిచ్ 2003 రెగ్యులర్ సీజన్‌లో 9 గెలిచి 3 ఓడాడు. అయినా పీకేశారు. ఆ తర్వాత జట్టు ఎందుకు లేవలేదు?

బెజవాడ బంటి: అసలు దెబ్బ ఆట పద్ధతి మార్చడంలో ఉంది అన్నా. సోలిచ్‌ది ఆప్షన్, అంటే ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ తనే బంతితో పరిగెత్తాలా, పక్కవాడికి ఇవ్వాలా అని అప్పటికప్పుడు తేల్చుకోవాలి. తర్వాతొచ్చిన బిల్ కల్లహాన్ పాస్‌ల ఆట పెట్టాడు. పాత ఆటకి ఎంచుకున్న కుర్రాళ్లు దానికి పనికిరారు. కొత్తవాళ్లు కుదురుకునేలోపే 2004లో 5 గెలిచి 6 ఓడారు. గెలుపులకన్నా ఓటములు ఎక్కువవడం 1961 తర్వాత అదే మొదలు. వరసగా 35 ఏళ్లు ఆడిన బౌల్ ఆటలూ (సీజన్ చివర మంచి జట్లను పిలిచి పెట్టే మ్యాచ్‌లు) ఆగాయి.

కృష్ణలంక: 2014లో అక్కడి కోచ్ బో పెలినీదీ అదే కథ. మళ్లీ 9-3, మళ్లీ ఉద్వాసన!

బెజవాడ బంటి: డబ్బు సంగతీ చూడండి. 2022 సెప్టెంబరులో అప్పటి కోచ్ స్కాట్ ఫ్రాస్ట్‌ని పంపడానికి ఒప్పందం ప్రకారం అతనికి కట్టాల్సింది సుమారు కోటిన్నర డాలర్లు. అక్టోబరు 1 దాకా ఆగితే అందులో సగమే.

గుంటూరు మిర్చి: మూడు వారాలు ఆగలేకపోయారా!