సభ్యులకే తలుపు తెరిచే భవనాన్ని మన డబ్బుతో కాపాడాలా? (గోషామహల్ బారాదరి, మేసన్ల లాడ్జి)

మట్టెవాడ_మాస్టారు

మొన్న మా వాకింగ్ మిత్రుల మధ్య మొదలైన వాదన ఇది. అక్కడ తేలలేదు కాబట్టి ఇక్కడ, మన వరంగల్ వాళ్ళ ముందు పెడుతున్నాను. తేలితే ప్రభుత్వానికి ఒక వినతిపత్రం రాద్దామని నా ఆలోచన.

హైదరాబాద్‌లోని గోషామహల్ బారాదరిని (బారాదరి అంటే పన్నెండు ద్వారాల మందిరం) ఆఖరి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్ తానాషా 1682లో కట్టించాడు. ఐదేళ్ళకే, 1687లో, గోల్కొండ ఔరంగజేబు వశమైంది. 1872 నుంచి ఆ బారాదరి ఫ్రీమేసన్ల లాడ్జిగా ఉంది. లాడ్జి అంటే ఇక్కడ బస చేసే హోటల్ కాదు, ఆ సంఘం శాఖ, అది సమావేశమయ్యే చోటు. అప్పటికి ఆరో నిజాం పసివాడు, రాజ్యం నడుపుతున్నది మొదటి సాలార్‌జంగ్. సుల్తాను అనుభవించింది ఐదేళ్ళయితే, మేసన్లు నూట యాభై ఏళ్ళు దాటి వాడుతున్నారు.

మేసన్లంటే ఎవరని అడిగేవాళ్ళ కోసం రెండు ముక్కలు. యూరప్‌లో రాతిపని చేసేవాళ్ళ సంఘాల ఆచారాలను, పనిముట్లను గుర్తులుగా తీసుకుని పెద్దమనుషులు పెట్టుకున్న సోదర సంఘం అది. 1717లో లండన్‌లో నాలుగు లాడ్జిలు కలిసి గ్రాండ్ లాడ్జ్ (లాడ్జిలన్నిటి మీద పెద్ద సంఘం) అయ్యాయి. 1730కల్లా ఈ సంఘం కలకత్తా కోటకు వచ్చేసింది. మన దేశానికి సొంత గ్రాండ్ లాడ్జ్ 1961లో ఏర్పడింది. మూలమట్టం, వృత్తలేఖిని కలిపిన గుర్తు ఎక్కడ కనబడ్డా అది వాళ్ళదే.

ఇందులో వరంగల్ వాళ్ళకేం పని అనకండి. తానాషా దీవాను మాదన్న, ఆయన సోదరుడు అక్కన్న మన హనుమకొండ వాళ్ళేనని చరిత్రకారులు రాశారు. బారాదరి లేస్తున్న రోజుల్లో ఖజానా తాళాలు మనూరాయన చేతిలోనే ఉన్నాయి.

ఇక ప్రశ్న. ఇలాంటి భవనాన్ని ప్రభుత్వం వారసత్వ కట్టడంగా గుర్తించి, మరమ్మతుకు డబ్బివ్వాలా? నా మాట: గుర్తింపు తప్పకుండా ఇవ్వాలి. డబ్బు మాత్రం తలుపు తీస్తేనే.

ఓరుగల్లు_పోరడు

సార్, మీరంటే గౌరవమే, కానీ ఈ మాటకు నేను అడ్డం. ములుగు రోడ్డు మీద సెంట్రల్ జైలు 1886 నాటిది. 2021లో ఆసుపత్రి కోసం కొద్ది రోజుల్లో నేలమట్టం చేశారు. ఆజం జాహి మిల్లు 1934లో పెట్టింది. మా తాత అందులో మూడో షిఫ్టు చేసిండు. మూతపడ్డాక ఆ జాగా ప్లాట్లయింది. వేలమంది కూలీలు బతికిన చోటుకు దిక్కులేదు గానీ, సూటు బూటు వేసుకుని తలుపులు మూసుకుని కూర్చునే వాళ్ళ క్లబ్బుకు సర్కారు సున్నం కొట్టించాలా?

ఇంకోటి. తెల్ల దొరలు, నవాబులు, పెద్ద ఉద్యోగులు చేతులు కలుపుకున్న జాగా అది. పేదోడికి అందులో కుర్చీ ఎప్పుడన్నా వేశారా?

సున్నపు_బట్టీ

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. కాబట్టి నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్తున్నా.

పోరడు తమ్మీ, జైలు పడగొట్టినప్పుడు నాకూ కడుపు మండింది. కానీ ఒకటి పోయింది కాబట్టి ఇంకోటి కూడా పోనీ అంటే అది వాదన కాదు, కసి. భవనంలో ఇప్పుడు ఎవరు కూర్చున్నారన్నది చూసి విలువ కడితే కుతుబ్‌షాహీ కాలపు కమాను గాలికి పోతుంది. ఆ కమానుకు మేసన్ల సంగతి తెలియదు, తానాషా సంగతీ తెలియదు. దానికి తెలిసింది బరువు, నీళ్ళు.

నీళ్ళ గురించే నా భయమంతా. ఆ కాలపు గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నపు గోడ తడిని పీల్చి మళ్ళీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది, ఉప్పు పొంగుతుంది, రెండు మూడు వానాకాలాల్లో పెచ్చులు ఊడతాయి. అప్పుడు యజమాని ఏం చేస్తాడు? ఇంకో కోటు సిమెంటు కొడతాడు. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు, దొరికినా కూలి ఎక్కువ. చందాలతో నడిచే ఏ సంఘమైనా చవకదారే చూస్తుంది. ఇది మేసన్లను అనడం కాదు, గుళ్ళలో, మసీదుల్లో, చర్చిల్లో కూడా చూశాను. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం గుర్తుందా? 2006లో రాయి రాయికీ నంబరు వేసి విప్పితే, మళ్ళీ నిలబెట్టి తెరిచేసరికి 2024 శివరాత్రి వచ్చింది. కేంద్ర పురావస్తు శాఖకే అంత కాలం పడితే, ఒక సంఘానికి సొంతంగా అయ్యే పనేనా?

పైగా గోషామహల్ స్టేడియంలో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన అయింది. పెద్ద తవ్వకం జరిగే పరిసరాల్లో మూడున్నర శతాబ్దాల కట్టడం ఉంటే, పని మొదలుకాకముందే పగుళ్ళకు అడ్డంగా గాజు పట్టీలు అతికించి, ఫొటోలు తీసి తేదీ వేసి పెట్టాలి. పగులు కదిలితే గాజు విరుగుతుంది. ఖర్చు పెద్దగా ఏమీ కాదు. కానీ ఎవరు చెయ్యాలి? గుర్తింపు ఉంటే అది ఒకరి బాధ్యత అవుతుంది. లేకపోతే ఎవరిదీ కాదు.

పరకాల_పత్తిచేను

అందరూ అన్నలే మాట్లాడుతున్నారు, నాదో ప్రశ్న. ఆ సంఘంలో ఆడవాళ్ళకు సభ్యత్వం ఉందా? లేదు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన అసలు సంప్రదాయంలో, మన గ్రాండ్ లాడ్జ్‌లో కూడా, మగవాళ్ళకే. ఆడవాళ్ళ లాడ్జిలు కొన్ని దేశాల్లో విడిగా ఉన్నాయి, అవి వేరే లెక్క. సబ్బు కొన్నా, సెల్ రీఛార్జ్ చేసినా నేనూ పన్ను కడుతున్నా. ఆ పన్నుతో బాగుచేసిన గదిలోకి నన్ను రానివ్వకపోవడం ఏం న్యాయం?

భవనం ముఖ్యం, మనుషులు కాదు అంటున్నారు సున్నపు బట్టీ గారు. వినడానికి బాగుంది. మరి గుమ్మం దగ్గర ఆపేది మనుషులే కదా.

కాజీపేట_లోకో

మా పెద్దనాన్న సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం చేస్తూ మేసన్ అయ్యారు. ఇంట్లో మేము అడిగితే నవ్వి ఊరుకునేవారు. చుట్టుపక్కల పిల్లలకు అది దయ్యాల కొంప. మన దేశంలో చాలా ఊళ్ళలో మేసన్ల హాలును జాదూఘర్ అనేవాళ్ళు. లోపల పుర్రెలుంటాయని, మేకను కోస్తారని కథలు.

ఆయన చెప్పినంతలో, పుస్తకాల్లో చదివినంతలో లోపల ఉండేది ఇదీ: నలుపు తెలుపు గళ్ళ నేల, తూర్పున అధ్యక్షుడి పీఠం, మధ్యలో పవిత్ర గ్రంథాలు. మన దేశంలో ఒక్క గ్రంథం కాదు, సభ్యుల మతాన్ని బట్టి గీత, ఖురాన్, బైబిల్, గురు గ్రంథ్ సాహెబ్, జెంద్ అవెస్తా పెడతారు. సభలో మతం, రాజకీయం మాట్లాడకూడదన్నది నియమం. ఇప్పటి మన టీవీ చర్చల వాళ్ళకు ఒక వారం అక్కడ శిక్షణ ఇప్పించాలి.

పోరడు తమ్ముడు దొరల క్లబ్ అన్నాడు. సగం నిజం. బెంగాల్‌లో హిందువులను చేర్చుకోవడానికి ఏళ్ళ తరబడి అడ్డుపడ్డారు. ప్రసన్నకుమార్ దత్ అనే ఆయన పట్టుపట్టి కొట్లాడితే చివరికి 1872లో దీక్ష దొరికింది. గోషామహల్‌లో లాడ్జి వచ్చిన సంవత్సరమూ అదే, చూడండి. ఆ తర్వాత పన్నెండేళ్ళకు అదే కలకత్తాలో నరేంద్రనాథ్ దత్తా అనే యువకుడు చేరాడు. తర్వాత ఆయనే వివేకానందుడు. మోతీలాల్ నెహ్రూ కూడా మేసనే. కాబట్టి వాళ్ళంతా బ్రిటిష్ తొత్తులని ఒక్క మాటలో తేల్చేయలేం.

డబ్బు విషయంలో మాత్రం మా పెద్దనాన్న బతికుంటే వద్దనే అనేవారు. సర్కారు పైసా తీసుకుంటే సర్కారు మనిషి లోపలికి వస్తాడు. వాళ్ళకు కావలసింది ఏకాంతం.

ఓరుగల్లు_పోరడు

చూశారా, వాళ్ళకే వద్దట! మనమెందుకు మీద పడి ఇస్తాం?

హనుమకొండ_చౌరస్తా

వాళ్ళకు వద్దు అనేది ఇవ్వాళ్టి మాట. సభ్యులు తగ్గితే రేపు ఏమవుతుందో అమెరికాలో చూడొచ్చు. డెట్రాయిట్‌లో 1926లో ప్రారంభించిన మేసన్ల ఆలయం ప్రపంచంలోకెల్లా పెద్దది, వెయ్యికి పైగా గదులు. 2013లో లక్షా యాభై రెండు వేల డాలర్ల పన్ను బాకీ పడి వేలం దాకా పోయింది. ఆ ఊళ్ళో పుట్టిన పాటగాడు జాక్ వైట్ లక్షా నలభై రెండు వేలు కట్టి ఆపాడు. ప్రతి ఊరికీ ఒక జాక్ వైట్ పుట్టడు కదా.

న్యూయార్క్‌ది ఇంకో రకం. మేసన్లలోనే ష్రైనర్లు అని ఒక శాఖ, 1920ల్లో మెక్కా టెంపుల్ పేరుతో పెద్ద హాలు కట్టుకుంది. పన్నులు కట్టలేక పోగొట్టుకుంటే నగరపాలక సంస్థ తీసుకుని 1943లో సామాన్యుడు టికెట్ కొనగలిగే నాటకశాల చేసింది. ఇప్పటికీ న్యూయార్క్ సిటీ సెంటర్ అంటే అదే.

లండన్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మేసన్ల జ్ఞాపకంగా 1933లో పూర్తయిన హాలు ఉంది. అందులో లాడ్జి సమావేశాలు వాళ్ళవే, మ్యూజియం మాత్రం ఎవరైనా పోయి చూడొచ్చు. రహస్యం రహస్యంగానే ఉంది, తలుపూ తెరిచే ఉంది. మన దగ్గర ఈ మూడో దారి ఎందుకు కుదరదు?

సున్నపు_బట్టీ

కుదురుతుంది, చట్టంలోనే దారి ఉంది. ప్రాచీన కట్టడాల మీద 1958లో కేంద్రం చేసిన చట్టం ప్రకారం, రక్షిత కట్టడంగా ప్రకటించిన భవనానికి దాని యజమాని ప్రభుత్వంతో ఒప్పందం చేసుకోవచ్చు. నిర్వహణ ఎవరిది, ఏం మార్చకూడదు, జనం ఎప్పుడు చూడొచ్చు, అన్నీ అందులో రాసుకోవచ్చు. ఆస్తి లాక్కోవడం కాదు.

హైదరాబాద్‌లో అసలు లోటు ఇంకోచోట ఉంది. 1981 నాటి జోనింగ్ నిబంధనల్లో తర్వాత చేర్చిన పదమూడో నిబంధన కింద ప్రైవేటు భవనాలకు కూడా వారసత్వ జాబితా ఉండేది, అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. 2015లో దాన్ని తీసేశారు. 2017లో రాష్ట్రం కొత్త వారసత్వ చట్టం తెచ్చింది గానీ, పాత జాబితాలోని భవనాలు మధ్యలో దిక్కులేనివయ్యాయి. 2019లో ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్ కూల్చివేతను హైకోర్టు ఆపిందంటే జనం కోర్టుకెక్కబట్టే. ప్రతి భవనానికీ ఒక కేసు వేయగలమా?

పరకాల_పత్తిచేను

ఒప్పందం అంటే నాకూ అభ్యంతరం లేదు. కానీ దీన్ని మేసన్ల దగ్గరే ఆపొద్దు. మన రాష్ట్రంలో కుల సంఘాల ఆత్మగౌరవ భవనాలకు సర్కారు ఉప్పల్ భగాయత్‌లో, కోకాపేటలో జాగాలిచ్చింది. అవీ సోదర సంఘాల్లాంటివే కదా? మావోళ్ళది, మీవోళ్ళది అని బోర్డు పెట్టుకుంటారు. వాటికి లేని షరతు ఒక్క మేసన్లకే పెడితే, వాళ్ళు వింతగా ఉంటారు కాబట్టి పెట్టినట్టుంటుంది. ప్రజల సొమ్ము ఎవరు తీసుకున్నా గుమ్మం దగ్గర కులం, మతం, ఆడా మగా అడగొద్దు. ఈ ఒక్క లైను రాస్తే నేను మీ వైపు.

మట్టెవాడ_మాస్టారు

పద్ధతిగా చెప్పింది అమ్మాయి. నేను ఉస్మానియా ఆసుపత్రి తవ్వకం సంగతి ఆలోచించనేలేదు, సున్నపు బట్టీ గారి పోస్టుతో వినతిపత్రంలో మొదటి అంశం మారిపోయింది. ముసాయిదా ఇదీ:

బారాదరి గోడల పగుళ్ళను తవ్వకానికి ముందే నమోదు చేయాలి. రాష్ట్ర వారసత్వ శాఖ, లాడ్జి కూర్చుని ఒప్పందం రాసుకోవాలి. ప్రజాధనం వాడితే సున్నం పనికే వాడాలి, ఏడాదిలో కొన్ని రోజులు అందరికీ, ఆడవాళ్ళతో సహా, తెరవాలి. వాళ్ళ సభలు, ఆచారాలు వాళ్ళ ఇష్టం, వాటి జోలికి పోవద్దు.

దీనితోపాటు మన ఊరి సంగతి కూడా కలుపుతున్నాను. హనుమకొండ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904 నుంచి ఉంది. నిజాం పాలనలో తెలుగు చదువుకోవడానికి పదిమంది చేతులు కలిపి పెట్టుకున్న సంస్థ. దాన్నీ అదే జాబితాలో అడుగుదాం.

కాజీపేట_లోకో

సంతకం పెడతాను. "ఆచారాల జోలికి పోవద్దు" అన్న వాక్యం మాత్రం చివర్లో కాదు, మొదట్లో పెట్టండి సార్. అది చూడకపోతే వాళ్ళు రెండో పేజీ తిప్పరు.

పరకాల_పత్తిచేను

"ఆడవాళ్ళతో సహా" అన్నది అక్కర్లేదు. అందరికీ అంటే చాలు. విడిగా రాస్తే దయ తలిచి కలిపినట్టుంది.

ఓరుగల్లు_పోరడు

లైబ్రరీ కోసమైతే రేపే వచ్చి పెడతా. బారాదరిది వేరే కాగితం మీద రాయండి సార్, రెండూ ఒకే కాగితంలో ఉంటే నా సంతకం ఉండదు. మిల్లు గేటు నిలబెట్టమని మేం తిరిగినప్పుడు ఒక్క పెద్దమనిషి రాలేదు.

సున్నపు_బట్టీ

రెండు కాగితాలే చేయండి మాస్టారూ. గాజు పట్టీల సంగతి మాత్రం మూడో కాగితంగా ముందే పంపిద్దాం, దానికి అందరి సంతకాలూ అక్కర్లేదు, నా ఒక్కడిదీ చాలు.