ఓటీపీ రాని పరిస్థితిలో రేషన్ కార్డు నంబరు తెలుసుకోవడం ఎలా?

మా అమ్మగారి పేరు మీద సూర్యాపేట జిల్లాలో ఉన్న ఆహార భద్రత కార్డు నంబరు మా దగ్గర లేదు. ఆమె రెండేళ్లుగా బియ్యం తీసుకోలేదు, అప్పటి డీలరు కూడా మారిపోయారు. ఇప్పుడు హైదరాబాద్‌లో మాతోనే ఉంటున్నందున ఇక్కడి దుకాణంలో తీసుకోవాలనుకుంటే, ముందుగా కార్డు నంబరు చెప్పమన్నారు.

మిగిలిన ఒకే ఆధారం, ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన తెల్ల కార్డు జిరాక్సు. దానిపై డబ్ల్యూఏపీ అక్షరాలతో మొదలయ్యే నంబరును రాష్ట్ర పోర్టల్‌లోని కార్డు అన్వేషణ పేజీలో పాత కార్డు గడిలో వేసి, జిల్లాగా మొదట సూర్యాపేటను, 2016 జిల్లాల విభజనకు ముందు మా మండలం నల్గొండలో ఉండేది కనుక తర్వాత నల్గొండను ఎంచుకున్నాను. రెండుసార్లూ వివరాలు లేవనే వచ్చింది. జిరాక్సులో చివరి అంకె కొంత చెరిగింది కాబట్టి 3, 8 రెండూ ప్రయత్నించాను. మేరా రేషన్ యాప్‌లో ఆధార్‌తో ప్రవేశించబోతే, ఓటీపీ ఎప్పుడో రద్దయిన పాత ఫోను నంబరుకు వెళుతోంది.

ఆధార్‌లో ఫోను నంబరు మార్పించేలోపు, అమ్మగారి ఆధార్ కార్డు, వేలిముద్రల ఆధారంగానే ఆమె కార్డు నంబరును వెతికి చెప్పగలిగేది తహసీల్దారు కార్యాలయమా, మీసేవా, లేక మరొక చోటా?