అప్‌డేట్: ఆడ ఎల్క్ కాల్ నోట్లో పెడితే డోకు వస్తోందన్న ప్రశ్నకు

కొలరాడోలో సెప్టెంబరులో విల్లుతో ఎల్క్‌ని (పెద్ద జాతి జింక) వేటాడే సీజన్ కోసం డయాఫ్రమ్ కాల్ (ఆడ ఎల్క్‌లా కూసి మగదాన్ని రప్పించడానికి నోట్లో పెట్టుకునే చిన్న పరికరం) కొన్నానని, అంగిట్లో పెట్టగానే డోకు వస్తోందని, కూత బాతు అరుపులా ఉందని ఆగస్టులో ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది కాల్ చుట్టూ ఉండే టేపు అంచు కత్తిరించమన్న సలహా. లోపలి ఫ్రేమ్ తెగకుండా, చిన్న కత్తెరతో చుట్టూ పీలికలుగా తీశాను. అంగిటికి సరిగ్గా అతుక్కుంది, డోకు పోయింది. కూత మాత్రం రెండు వారాలు కార్లో సాధన చేస్తేగానీ కుదరలేదు: సన్నగా ‘ఈ’తో మొదలై ‘యా’లోకి జారాలి. మా ఆవిడ నా కారెక్కడం మానేసింది!

ఖరీదైనది కొనమన్నారు, అవసరం పడలేదు. ఓపెన్ రీడ్ (చేత్తో పట్టుకుని ఊదే కాల్) తేలికే, కానీ ఒక చెయ్యి దానికే పోతుంది, విల్లు లాగలేం.

వేటలో నా కూతకి ఒక మగ ఎల్క్ చప్పుడు లేకుండా వచ్చింది, గాలివాలుకి తిరిగి నా వాసన పట్టి పారిపోయింది. అది కాల్ తప్పు కాదు.